హన్మకొండ సైన్స్ ప్రాజెక్టుల షాపు: మోడల్‌కి నాలుగు స్టార్లు, చార్టుకి ఒకటే

మొత్తం చదివే ఓపిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నా. టెన్త్, ఇంటర్ పిల్లలకి "జీవం ఎలా పుట్టింది" అనే టాపిక్ మీద వర్కింగ్ మోడల్ కావాలంటే ఈ షాపుకి ధైర్యంగా వెళ్ళొచ్చు. గాజు పని నీట్‌గా ఉంది, రేటు మరీ ఎక్కువేం కాదు, ఏదైనా పాడైతే మొహం చిట్లించకుండా బాగుచేసి ఇస్తారు. ఫ్రీ అని చేతిలో పెట్టే చార్టుని మాత్రం నమ్ముకోకండి. అది బట్టీ పట్టి పిల్ల జడ్జిల ముందు నిలబడితే, ఒక్క ఎదురు ప్రశ్నకే నోట మాట రాదు.

షాపు హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక సందులో, జిరాక్స్ సెంటర్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది. లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయట బండి మీద కూర్చుని ఎదురుచూడాల్సిందే. నేల మీద థర్మకోల్ తుక్కు, గాల్లో ఫెవికాల్ వాసన, గోడ పొడవునా సిరంజీలతో నడిచే జేసీబీలు, ఇంకుడు గుంతలు, ఎర్ర బల్బు పెట్టిన అగ్నిపర్వతాలు, గుండె, కిడ్నీ, సౌర కుటుంబం. నవంబర్‌లో మొదలైతే ఫిబ్రవరి 28 సైన్స్ డే దాకా ఓనర్‌కి అన్నం తినే టైం కూడా ఉండదు. ఓనర్‌ని అందరూ అన్నా అనే పిలుస్తారు, ఆయన మాత్రం ఆడవాళ్ళనందరినీ మేడం అంటాడు. నేను అడగ్గానే, "మిల్లర్ మోడలా మేడం? ఏడాదికి ఇద్దరో ముగ్గురో అడుగుతరు. అందరికి అగ్నిపర్వతమే గావాలె" అని నవ్వి, పైన అటక మీద నుంచి ఒక పాత పీస్ దింపి చూపించాడు. అది చూసే మా అమ్మాయి ప్రాజెక్టు కోసం ఆర్డర్ ఇచ్చాను. రెండువేల రెండొందలు చెప్పాడు, పద్దెనిమిదొందలకి ఒప్పుకున్నాడు. నేను కాకతీయ యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదివి ఇప్పుడు బ్యాంకు ఉద్యోగం చేసుకుంటున్నదాన్ని, కాబట్టి ఈ రివ్యూలో కొంచెం క్లాసు పీకినట్టు అనిపిస్తే ఏమనుకోకండి.

మోడల్ ఏంటంటే, 1952లో స్టాన్లీ మిల్లర్ అనే పరిశోధక విద్యార్థి షికాగో యూనివర్సిటీలో హెరాల్డ్ యూరీ దగ్గర చేసి, 1953లో ప్రచురించిన ప్రయోగానికి చిన్న సైజు నకలు. (యూరీ అప్పటికే నోబెల్ వచ్చిన మనిషి, 1934లో, భార హైడ్రోజన్ కనిపెట్టినందుకు.) అసలు దాంట్లో కింద నీళ్ళు మరిగే అర లీటరు ఫ్లాస్కు, పైన ఐదు లీటర్ల పెద్ద గాజు బుడ్డి, అందులో మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, కింది నుంచి వచ్చే నీటి ఆవిరి. పెద్ద బుడ్డిలో రెండు టంగ్‌స్టన్ కడ్డీల మధ్య టెస్లా కాయిల్‌తో ఆగకుండా మెరుపులు. ఆ తర్వాత చల్లార్చే గొట్టం, చల్లబడిన నీళ్ళు తిరిగి కింది ఫ్లాస్కులోకి. అంటే కింద సముద్రం, పైన గాలి, మధ్యలో వాన. ఒక రోజు గడిచేసరికి నీళ్ళు గులాబీ రంగుకి తిరిగాయి, వారం అయ్యేసరికి ముదురు ఎరుపెక్కి మబ్బుగా అయ్యాయి. ఆ నీళ్ళని కాగితం మీద విడదీసి చూస్తే గ్లైసిన్, అలనిన్ లాంటి అమైనో ఆమ్లాలు దొరికాయి, అంటే మన ఒంట్లో ప్రొటీన్లు తయారయ్యే ముడిసరుకు. డీఎన్ఏ మెలిక నిచ్చెన ఆకారం అచ్చులో బయటపడింది కూడా అదే 1953లో, మిల్లర్ వ్యాసం కంటే మూడు వారాల ముందు. ఏం సంవత్సరమో అది!

షాపు వాళ్ళ పీసులో పై బుడ్డి అర లీటరుది, కిందది చిన్న కోనికల్ ఫ్లాస్కు, దాని కింద స్పిరిట్ ల్యాంపు. మెరుపు కోసం వాడింది దోమల బ్యాట్ సర్క్యూట్, ఇది నాకు బాగా నచ్చిన సంగతి. రెండు స్టీలు సూదుల మధ్య కొద్ది మిల్లీమీటర్ల సందు పెట్టి, బ్యాట్ లోపలి బోర్డు విప్పి తగిలించారు. స్విచ్ నొక్కితే టక్ టక్ మని నీలం గీత పడుతుంది. చీకటి గదిలో చూస్తే, ఆవిరి పట్టిన గాజు లోపలి నుంచి ఆ నీలం వెలుగు ఒక్కసారిగా బుడ్డి మొత్తం నిండుతుంది, మా అమ్మాయి స్నేహితులు అరగంట దాన్నే నొక్కుతూ కూర్చున్నారు. గ్యాసుల గురించి అడిగితే, "అవి నింపుడు మనతోని కాదు మేడం, అండ్ల మామూలు గాలే ఉంటది" అని నిజాయితీగా చెప్పాడు. అదే మంచిది కూడా. హైడ్రోజన్, మీథేన్ ఉన్నచోట కాస్త ఆక్సిజన్ చేరినా ఒక్క స్పార్కుకి పేలిపోతుంది. మిల్లర్ ముందు లోపలి గాలంతా పంపుతో లాగేసి, ఆ తర్వాతే గ్యాసులు నింపాడు. ఇంట్లో ఎవరూ ట్రై చెయ్యొద్దు, పిల్లలు యూట్యూబ్ చూసి అడిగినా సరే.

కడ్డీలు దిగే చోట పెట్టిన రబ్బరు బిరడా మాత్రం నాసిరకంది. వేడికి మెత్తబడి ఆవిరి బయటికి వచ్చింది, సూదుల సందు కూడా జరిగిపోయి స్పార్క్ ఆగింది. తీసుకెళ్తే వేరే బిరడా వేసి, సూదుల్ని ఎమ్‌సీల్‌తో బిగించి ఇచ్చాడు, పైసా తీసుకోలేదు. అయితే "రేపు రండి" అన్న రేపు ఎల్లుండి అయింది, ఎల్లుండి ఆదివారం అయింది. సీజన్‌లో వెళ్ళేవాళ్ళు ఇది లెక్కలో పెట్టుకోండి.

ఇంకో విషయం, బాక్సులో చిన్న కాగితం పొట్లం ఒకటి ఉంటుంది. గులాబీ రంగు. "జడ్జీలు వచ్చే ముంగట చిటికెడు కింది సీసల వేయుండ్రి, అమైనో యాసిడ్ అచ్చినట్టు కనవడ్తది" అన్నాడు. నేను ఆ పొట్లం అక్కడే తిరిగి ఇచ్చేశాను. రంగు కలిపితే కలిపామని పక్కన రాయాలి, లేకపోతే అది ప్రాజెక్టు కాదు, గారడీ. ఆయనకి అందులో తప్పేం కనిపించలేదు, "అందరు ఏస్తరు మేడం" అన్నాడు.

ఇక చార్టు. ఆకుపచ్చ రంగులో పెద్దక్షరాలతో "మిల్లర్ ప్రయోగశాలలో జీవాన్ని సృష్టించాడు" అని హెడ్డింగ్. అక్కడే నాకు తల తిరిగింది. ఆయన జీవాన్ని సృష్టించలేదు, సృష్టించానని ఎప్పుడూ అనలేదు. ప్రాణం లేని గ్యాసుల నుంచి, ప్రాణానికి కావాల్సిన కొన్ని ముక్కలు తమంతట తామే తయారవుతాయని చూపించాడు. ఇటుకలు దొరికాయి, ఇల్లు కట్టలేదు. ఈ రెండిటి మధ్య ఉన్న దూరంలోనే ఇవాళ్టికీ వందల ల్యాబులు పని చేస్తున్నాయి.

దాని కింద "800 డిగ్రీల వేడిలో గ్యాసులు" అని ఉంది. ఈ లెక్క గైడ్లలో, ఎంట్రన్స్ మెటీరియల్‌లో చాన్నాళ్ళుగా తిరుగుతోంది, అక్కడి నుంచే ఎక్కించి ఉంటారు. అసలు ప్రయోగంలో నీళ్ళు మరిగాయి, అంతే, గ్యాసులన్నీ 800 డిగ్రీల దగ్గర లేవు. మామూలు గాజు బుడ్డి అంత వేడికి మెత్తబడిపోతుంది కదా అని ఎవరికీ తట్టకపోవడం విచిత్రం.

మూడోది అన్నిటికంటే పెద్దది. "ఆదిమ భూమి మీద గాలిలో మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, ఆక్సిజన్ ఉండేవి" అని రాశారు. మిగతావి సరే, వాటి సంగతి కిందకి వస్తా, ఆక్సిజన్ ఎక్కడి నుంచి వచ్చింది? ఈ టాపిక్ మొత్తానికి గుండెకాయ లాంటి పాయింటే అప్పట్లో గాలిలో ఆక్సిజన్ లేకపోవడం. ఇప్పుడు మనం పీల్చే గాలిలో 21 శాతం ఉన్న ఆక్సిజన్ దాదాపు 240 కోట్ల ఏళ్ళ కిందటి దాకా చెప్పుకోదగినంత లేదు. సముద్రాల్లో ఉన్న సయనోబాక్టీరియా లాంటివి ఎండతో తిండి తయారుచేసుకుంటూ వదిలిన ఆక్సిజన్ పేరుకుని పేరుకుని అప్పుడు పైకి తేలింది. దానికి వంద కోట్ల ఏళ్ళ ముందే జీవం ఉంది, ఆస్ట్రేలియాలో పిల్బరా అనే చోట 348 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో సూక్ష్మజీవుల పొరలు రాతిగా మారి కనిపిస్తాయి. మన దగ్గరకి వస్తే, పద్మాక్షి గుట్ట, ఖిలా వరంగల్ లోపలి ఏకశిల గుట్ట, కాజీపేట చుట్టూ కనిపించే బండలు, ఇవన్నీ సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. అంటే ఈ బండలు గట్టిపడేనాటికి కూడా బయట పీల్చే గాలి లేదు. వరంగల్‌లో అమ్మే చార్టులో ఈ ఒక్క ముక్క రాసినా పిల్లలు గుట్టల వంక వేరేలా చూసేవాళ్ళు.

ఆక్సిజన్ ఉంటే ఏమవుతుంది అంటారా, కొత్తగా తయారైన సున్నితమైన అణువుల్ని అది ఉండనివ్వదు, ఇనుముని తుప్పు పట్టించినట్టే వాటినీ పాడుచేస్తుంది. పైగా ఆక్సిజన్ లేకపోతే పైన ఓజోన్ పొర కూడా ఉండదు. అప్పుడు సూర్యుడి అతినీల లోహిత కిరణాలు నేరుగా నేల మీద పడతాయి, అవి కొన్ని అణువుల్ని ముక్కలు చేస్తాయి, కొన్నిటిని కొత్తగా తయారుచేస్తాయి కూడా.

మిగతా గ్యాసుల సంగతి. మిల్లర్ వాడిన మిశ్రమం యూరీ ఊహ, అప్పటికి అది సబబే. తర్వాత భూగర్భ శాస్త్రజ్ఞులు, అగ్నిపర్వతాల నుంచి ఎక్కువగా వచ్చేవి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ కదా, అప్పటి గాలి కూడా ఎక్కువగా వాటితోనే నిండి ఉంటుంది అన్నారు. ఆ గ్యాసులతో అదే ప్రయోగం చేస్తే దిగుబడి బాగా పడిపోయింది. ఇంకేముంది, మిల్లర్ ప్రయోగం దండగ అన్నవాళ్ళూ ఉన్నారు. కథ అక్కడ ఆగలేదు. 2008లో ఆయన శిష్యుడు జెఫ్రీ బాడా, ఇంకొందరు కలిసి చూస్తే, ఆ గ్యాసుల్లో మెరుపు పడ్డప్పుడు నైట్రైట్లు అనే రసాయనాలు తయారై, నీళ్ళు ఆమ్లంగా మారి, పుట్టిన అమైనో ఆమ్లాల్ని అవే తినేస్తున్నాయని తేలింది. సున్నపురాయి లాంటిదో, ఇనుము లాంటిదో పక్కన ఉంటే దిగుబడి మళ్ళీ పెరిగింది. ఆ రోజుల్లో సముద్రాల్లో కరిగిన ఇనుముకి కొదవలేదు. అదే ఏడాది మిల్లర్ దాచిపెట్టిన పాత సీసాలు, అంటే 1950ల నాటి ఎండిపోయిన నమూనాలు తీసి కొత్త యంత్రాలతో పరీక్షిస్తే, అగ్నిపర్వతం ఆవిరిలా నీటి ఆవిరిని మెరుపులోకి చిమ్మేలా చేసిన పరికరంలో ఏకంగా 22 అమైనో ఆమ్లాలు కనిపించాయి. మిల్లర్ 2007లోనే పోయాడు, పాపం ఒక్క ఏడాదిలో తప్పిపోయింది. 2021లో ఇంకో సరదా ఫలితం వచ్చింది: అదే ప్రయోగం గాజులో కాకుండా టెఫ్లాన్ పాత్రలో చేస్తే సరుకు బాగా తగ్గిందట. అంటే క్షారం ఉన్న నీళ్ళు గాజుని కొద్దికొద్దిగా కరిగిస్తూ, ఆ కరిగిన సిలికా కూడా పనికి చెయ్యేసిందన్నమాట. రాళ్ళ నిండా ఉండేది సిలికానే కాబట్టి ఇది ప్రయోగానికి మచ్చేం కాదు, మంచి సాక్ష్యమే. ఈ షాపు వాళ్ళు గాజు బదులు ప్లాస్టిక్ బాటిల్‌తో నాలుగొందలు తక్కువకి చేసిస్తామంటారు, వద్దు, గాజుదే తీసుకోండి, జడ్జికి చెప్పుకోడానికి ఒక కథ ఉంటుంది.

ఈ ఆలోచనకి మూలపురుషులైన ఒపారిన్, హాల్డేన్ పేర్లు చార్టులో ఎక్కడా లేవు. రష్యాలో ఒపారిన్ 1924లో, ఇంగ్లండ్‌లో జె.బి.ఎస్. హాల్డేన్ 1929లో, ఒకరికొకరు తెలియకుండానే, ఆక్సిజన్ లేని గాలి కింద వేడి సముద్రాల్లో అణువులు పేరుకుపోయి ఉంటాయని రాశారు. హాల్డేన్‌ని మనవాళ్ళు వదలకూడదు అసలు. ఆయన 1957లో ఇండియాకి వచ్చేసి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. జీవం పుట్టుక గురించి ప్రపంచానికి చెప్పిన మనిషి చివరికి తెలుగు డాక్టర్ల చదువుకి పనికొచ్చాడు. ఇది విన్నాక మా అమ్మాయి చార్టు మధ్యలో ఆయన ఫొటో అంటించేదాకా ఊరుకోలేదు.

సరే, ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న ఐటమ్. షాపులో మిల్లర్ మోడల్‌తో పాటు అడిగితే "కెమికల్ గార్డెన్" అని ఇంకో కిట్ ఇస్తారు, మూడొందల యాభై. దీన్ని ఆయన అలంకారానికి అమ్ముతున్నాడు, ఫిష్ ట్యాంకులా పెట్టుకోవచ్చు అంటాడు. నా లెక్కలో మాత్రం షాపు మొత్తంలో ఈ టాపిక్‌కి అసలైన మోడల్ ఇదే. ఒక గాజు జాడీ, సోడియం సిలికేట్ బాటిల్, చిన్న చిన్న పొట్లాల్లో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, అంటే ఇనుప లవణం), కాల్షియం క్లోరైడ్. సిలికేట్‌ని నీళ్ళతో పలచన చేసి జాడీలో పోసి, పప్పుగింజంత స్ఫటికం ఒకటి లోపల వేసి చూడండి. మొదట ఏం జరగదు. కాసేపటికి అన్నభేది పలుకు మీద పాచి రంగు బుడగ ఒకటి ఉబ్బుతుంది, ఉబ్బి ఉబ్బి పైభాగాన పగులుతుంది, పగిలిన చోటి నుంచి సన్నటి గొట్టం ఒకటి వంకరలు తిరుగుతూ పైకి లేస్తుంది. ఆగుతుంది, మళ్ళీ ఇంకో పక్క పగిలి కొమ్మ వేస్తుంది. మైలుతుత్తం నీలంగా, కాస్త మెల్లగా, బుడిపెలు బుడిపెలుగా పెరుగుతుంది. కాల్షియందైతే తెల్లగా, మొండిగా. చూస్తుంటే మొక్క పెరిగినట్టే ఉంటుంది, కానీ ప్రాణం లేదు. స్ఫటికం చుట్టూ సిలికేట్ పలుచని పొర కడుతుంది, ఆ పొరలోంచి నీళ్ళు లోపలికి వెళ్తాయి, లోపల ఒత్తిడి పెరిగి పొర పగులుతుంది, బయటికి వచ్చిన ద్రవం చుట్టూ మళ్ళీ కొత్త పొర. అంతే కథ.

ఇది జీవం పుట్టుకకి ఎందుకు పనికొస్తుందంటే, సముద్రం అడుగున అచ్చం ఇలాంటి గొట్టాలు నిజంగానే ఉన్నాయి. 2000 డిసెంబర్‌లో అట్లాంటిక్ మధ్యలో "లాస్ట్ సిటీ" అనే చోటు బయటపడింది, తెల్లటి సున్నపు స్తంభాలు, కొన్ని 60 మీటర్ల ఎత్తు. అక్కడి నీళ్ళు మరీ సలసల కాగేవి కావు, 40 నుంచి 90 డిగ్రీలు, క్షార గుణం ఎక్కువ, పీహెచ్ 9 నుంచి 11. అంతకుముందు 1979లో పసిఫిక్‌లో కనిపెట్టిన నల్ల పొగగొట్టాలైతే 350 డిగ్రీలు దాటేవి, ఆమ్లంగా ఉండేవి, ఆ వేడికి సున్నితమైన అణువులు నిలవడం కష్టం. లాస్ట్ సిటీ లాంటి చోట మాత్రం ఆలివిన్ అనే రాయి సముద్రపు నీటితో కలిసి మెల్లగా మారిపోతూ హైడ్రోజన్ వదులుతుంది. ఎవరూ స్విచ్ వెయ్యకుండా, మెరుపు లేకుండా, వేల ఏళ్ళు ఆగని ఇంధనం! అప్పటి సముద్రంలో కార్బన్ డయాక్సైడ్ కరిగి నీళ్ళు కొంచెం ఆమ్లంగా ఉండేవి. గొట్టం లోపల క్షారం, బయట ఆమ్లం, మధ్యలో ఇనుము, గంధకం ఉన్న పలుచని గోడ. పొరకి అటూ ఇటూ ఉన్న ఈ తేడానే ఇవాళ మన కణాలు కూడా శక్తి తయారుచేసుకోవడానికి వాడుకుంటున్నాయి. మైకేల్ రసెల్, విలియం మార్టిన్ లాంటి శాస్త్రజ్ఞులు జీవం అక్కడే మొదలైందంటారు. బ్యాటరీ ముందు, ఇటుకలు తర్వాత అని వాళ్ళ వాదన.

ఇక్కడ షాపు వాళ్ళ కాగితంలో ఇంకో పొరపాటు ఉంది, "సముద్ర గొట్టాలు ఇలాగే పనిచేస్తాయి" అని. పూర్తిగా ఇలాగే కాదు. జాడీలో బయట ఉన్న సిలికేట్ క్షారం, లోపలి లోహపు నీళ్ళు ఆమ్లం. సముద్రంలో తిరగేసి, లోపల క్షారం, బయట ఆమ్లం. కంగారేం లేదు, ఆ తిరగేసిన సంగతిని పిల్లతో చెప్పిస్తే చాలు, మా అమ్మాయి దగ్గర ఒక జడ్జి సార్ సరిగ్గా దీని దగ్గరే ఆగి, "ఇది నీకెవరు చెప్పిన్రు?" అని అడిగాడు. పక్క టేబుల్ అగ్నిపర్వతానికి ఆ అదృష్టం పట్టలేదు.

అన్నభేది మిగిలితే పారెయ్యకండి. గ్లాసు నీళ్ళలో కరిగించి మూత లేకుండా వదిలేస్తే, లేత ఆకుపచ్చ నీళ్ళు మెల్లగా పసుపెక్కి, అడుగున తుప్పు రంగు మడ్డి దిగుతుంది. గాలిలో ఆక్సిజన్ ఉన్నంతకాలం ఇనుము నీళ్ళలో అలా కరిగి ఉండలేదు అని చూపించడానికి ఇంతకంటే చవకైన ప్రయోగం లేదు. పాత సముద్రాల్లో కరిగి ఉన్న ఇనుమంతా ఇలా దిగబడే పొరలు పొరలుగా ఖనిజం అయింది, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లాలో తవ్వుతున్నది ఆ రకందే.

సేఫ్టీ విషయంలో మాత్రం షాపుకి గట్టిగా చెప్పాలి. సిలికేట్ బాటిల్ మీద లేబుల్ లేదు, పాత కూల్‌డ్రింక్ బాటిల్‌లో పోసి ఇచ్చారు! అది గట్టి క్షారం, కంట్లో పడితే చాలా ప్రమాదం, ఇంట్లో చిన్న పిల్లలుంటే మంచినీళ్ళనుకుని తాగినా తాగుతారు. మైలుతుత్తం కూడా విషమే. గ్లౌజులు లేవు, కళ్ళద్దాలు లేవు, ఒక్క ముక్క హెచ్చరిక లేదు. చెప్తే "గిప్పటిదాక ఎవలకేం కాలే మేడం" అన్నాడు. ఎవరికైనా ఏదైనా అయ్యాక లేబుల్ వేస్తే ఏం లాభం అన్నా, అని అక్కడే నిలబడి మార్కర్‌తో నేనే రాశాను. ఒక స్టారు తగ్గించింది దీనికే.

ఈ టాపిక్‌లో ఇంకో పక్షం కూడా ఉంది, షాపులో దానికి మోడలే లేదు, చెయ్యమని అడిగాను. గొడవ ఏంటంటే, అమైనో ఆమ్లాలు ఒకదానికొకటి అతుక్కుని గొలుసు కావాలంటే ప్రతి అతుకు దగ్గరా ఒక నీటి అణువు బయటికి పోవాలి. చుట్టూ నీళ్ళే ఉంటే అది ఎలా పోతుంది? పోకపోగా, ఉన్న గొలుసు కూడా తెగుతుంది. నీళ్ళు లేకపోతే జీవం లేదు, నీళ్ళుంటే గొలుసు కట్టదు, ఇదీ చిక్కు. అందుకే డేవిడ్ డీమర్ లాంటి శాస్త్రజ్ఞులు సముద్రం కాదు, నేల మీది వేడి నీటి గుంటలు చూడండి అంటారు. ఎండకి అంచులు ఆరతాయి, సరుకు చిక్కబడి అతుక్కుంటుంది, వానకో ఊటకో మళ్ళీ తడుస్తుంది, మళ్ళీ ఆరుతుంది. ఎండాకాలంలో భద్రకాళి చెరువు అంచున పొరలు పొరలుగా ఎండిన బురద చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కణానికి పొర కూడా కావాలి కదా, కొవ్వు ఆమ్లాలు నీళ్ళలో తమంతట తామే చిన్న చిన్న సంచుల్లా చుట్టుకుంటాయి, కాకపోతే ఉప్పు నీళ్ళలో చెదిరిపోతాయి, మంచినీళ్ళలో బాగా నిలుస్తాయి. ఇది కూడా గుంటల పక్షానికే బలం. డార్విన్ 1871లోనే తన స్నేహితుడు హుకర్‌కి రాసిన ఉత్తరంలో, అమ్మోనియా, ఫాస్ఫారిక్ లవణాలు, వెలుతురు, వేడి, కరెంటు ఉన్న ఒక చిన్న వెచ్చని గుంటని ఊహించాడు.

ముడిసరుకు ఆకాశం నుంచి కూడా రాలుతుంది. 1969 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియాలో ముర్చిసన్ దగ్గర పడిన ఉల్కలో డెబ్బైకి పైగా అమైనో ఆమ్లాలు దొరికాయి. బెన్నూ గ్రహశకలం నుంచి నాసా 2023లో తెచ్చిన మట్టిలో ప్రొటీన్లలో ఉండే 20 అమైనో ఆమ్లాల్లో 14, డీఎన్ఏ, ఆర్ఎన్ఏ రెండిట్లో అక్షరాల్లా ఉండే ఐదు బేసులూ ఉన్నాయని 2025 జనవరిలో ప్రకటించారు. ఉప్పు నీళ్ళు ఆరిపోయి మిగిలిన లవణాలు కూడా అందులో ఉన్నాయి, అంటే అక్కడ కూడా ఎప్పుడో తడి, ఆరడం జరిగాయన్నమాట.

నేను ఏ పక్షం అంటే, గుంటల వైపే కాస్త మొగ్గుతాను, గొలుసు కట్టే చిక్కుకి వాళ్ళ దగ్గరున్న జవాబు నాకు ఎక్కువ నచ్చింది. కానీ శక్తి సంగతి దగ్గర గొట్టాలవాళ్ళే గట్టిగా ఉన్నారు. ప్రాజెక్టులో పిల్లలు ఒక్కటే నిజమని తేల్చేయకుండా రెండూ పక్కపక్కన పెడితే బాగుంటుంది, మిల్లర్ బుడ్డి, కెమికల్ గార్డెన్ జాడీ, ఒక ఇనుప ట్రేలో తడిపి ఆరబెట్టిన బురద. మూడోదానికి షాపు అక్కర్లేదు కూడా.

చార్టు విషయం అన్నతో మాట్లాడాను. గొడవ పెట్టుకోలేదు, ఆయనా కోపం తెచ్చుకోలేదు. "నేను ఇంటర్ తప్పిన మనిషిని మేడం, ఎవలో ప్రింట్ తెచ్చిచ్చిన్రు, అదే కొడ్తున్న. మీరు రాసియ్యుండ్రి, గదే ఏస్త" అన్నాడు. రాసిచ్చాను. హెడ్డింగ్ "జీవానికి ముడిసరుకు ఎలా తయారైంది?" అని మార్చాను, 800 డిగ్రీలు తీసేశాను, ఆక్సిజన్ కొట్టేసి పక్కన "లేదు" అని ఎర్ర అక్షరాల్లో పెట్టించాను, హాల్డేన్ ఫొటో, కాకినాడ ముక్క చేర్చాను. పాత చార్టులు ఇంకా ఒక కట్ట మిగిలి ఉన్నాయి, అవి అయిపోయేదాకా అవే ఇస్తారేమో, అడిగి కొత్తదే తీసుకోండి, కింద కుడి మూలన గుట్ట బొమ్మ ఉంటే అది కొత్తది.

ధరలు: మిల్లర్ మోడల్ గాజుది పద్దెనిమిదొందల నుంచి రెండువేల రెండొందలు, బేరం ఆడాలి. కెమికల్ గార్డెన్ మూడొందల యాభై, ఇందులో బేరం లేదు. ఆర్డర్ ఇచ్చాక కనీసం వారం పడుతుంది, సీజన్‌లో ఇంకా ఎక్కువ. ఫోన్‌పే తీసుకుంటారు, బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద రాసిస్తారు. బండి పార్కింగ్ సందులో దొరకదు, మెయిన్ రోడ్డు మీదే పెట్టి నడవండి, గాజు బుడ్డిని స్కూటీ ముందు కాళ్ళ దగ్గర పెట్టుకుని మాత్రం రాకండి, స్పీడ్ బ్రేకర్లున్నాయి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షట్టర్ సగం దించి ఉంటుంది, లోపలే ఉంటారు, తట్టండి.